ఆ కారు నడిపేది ఎవరని నేనడగలేదు

క్యామ్‌షాఫ్ట్ గురించి అడగడానికి నా దగ్గరికి కుర్రవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. పని మానేసి ఇన్నేళ్ళయింది. అయినా ఇక్కడ సింగపూర్లో, యీషున్‌లో మా బ్లాకు కింద కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు వచ్చి ఎదురు కుర్చీ లాక్కుంటాడు. ఫోన్లో ఏదో వీడియో చూపిస్తాడు. "అంకుల్, ఇది వేస్తే పవర్ ఎంత పెరుగుతుంది?" అంటాడు. నాకు తల పట్టుకోవాలనిపిస్తుంది. ఆ కారు పొద్దున ఎనిమిదింటికి ఏ రోడ్డు మీద ఉంటుందో, అందులో ఎవరెవరు కూర్చుంటారో ఒక్కడూ చెప్పడు. నేనడిగితే, ఈ ముసలాయనకి ఇదెందుకు అన్నట్టు చూస్తాడు.

వాళ్ళ మీద విసుక్కుంటాను గాని, నిజానికి ఆ విసుగులో సగం నా మీదే. ఒకప్పుడు నేనూ అడగలేదు. అడగనందువల్ల ఏమైందో ఇక్కడ రాస్తున్నాను. మెకానిక్ పనిలో కొత్తగా చేరినవాళ్ళు చదవాలని నా కోరిక. మిగతావాళ్ళూ చదవచ్చు, ఇందులో స్పానర్ల గొడవ తక్కువే.

మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి నౌకాశ్రయంలో పనికి కుదిరాడు. నేను పుట్టింది, పెరిగింది అంతా సింగపూర్లోనే. తెలుగు చదవడం, రాయడం మా అమ్మ పట్టుబట్టి నేర్పింది. నోరు విప్పితే మాత్రం సగం తమిళం, పావు మలయ్ కలిసిపోయేవి. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు నా తెలుగు విని నవ్వు ఆపుకునేవారు.

నేను పనిచేసిన షెడ్డు బిషాన్ పక్కనే, వర్క్‌షాపులన్నీ వరసగా ఉండే చోట. యజమాని చైనీయుడు. అందరం 'తౌకే' అని పిలిచేవాళ్ళం, యజమాని అనే దాని అర్థం. ఆయన ఏ పని గురించైనా అడిగే ప్రశ్న ఒక్కటే: "కెన్ ఆర్ కెనాట్?" చేయగలమంటే వెళ్ళిపోయేవాడు. నాతో పాటు ఇంజన్ పని చూసే ఒక మలయ్ మెకానిక్ ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. నన్ను 'అబాంగ్' అని, అంటే అన్నా అని పిలిచేవాడు.

అవి కంప్యూటర్ ఉద్యోగాలు ఉప్పెనలా వచ్చిపడ్డ రోజులు. రెండు వేల సంవత్సరం వస్తే మెషీన్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం పుణ్యమా అని హైదరాబాదు కుర్రవాళ్ళు విమానాల నిండా దిగారు. ఏడాది తిరక్కుండానే వాళ్ళలో కొందరు పాత కార్లు కొనేవారు. కొన్న నెలకే మా షెడ్డుకొచ్చేవారు. వచ్చేటప్పుడు చేతిలో కాగితాల కట్ట. ఇంటర్నెట్లో ఎవరో అమెరికావాడు రాసిన సలహాలు ఆఫీసులో ప్రింటు తీసుకుని మరీ తెచ్చేవారు. ఆ ప్రింట్లు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. అవి రాసినవాడు ఖాళీ రోడ్ల మీద, మాన్యువల్ గేర్ల బండి నడుపుకునే మనిషి. వీళ్ళ బండ్లేమో ఆటోమేటిక్, ఏడాది పొడుగునా ఏసీ, సిగ్నల్ దాటితే సిగ్నల్.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన ఈ కథకి కారకుడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి, ప్రోగ్రామర్. ముప్పై దాటి ఉంటాయేమో. మంచివాడు, కలుపుగోలువాడు, చెప్పింది మాత్రం చెవిన వేసుకోడు. ఒక శనివారం తన తెల్ల జపాన్ సెడాన్ షెడ్డు ముందు ఆపి, కాగితాల కట్టతో పాటు రంగురంగుల కేటలాగు ఒకటి నా బల్ల మీద పరిచాడు.

"అన్నా, గీ మూడో నంబర్ క్యామ్ కావాలె నాకు. బండి ఎగిరిపోవాలె."

క్యామ్‌షాఫ్ట్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంజన్ పైభాగంలో తిరిగే కడ్డీ అది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఆ ఉబ్బులే వాల్వుల్ని నొక్కి తెరుస్తాయి. వాల్వు ఎంతసేపు తెరుచుకుని ఉండాలో, ఎంత లోతుకి దిగాలో ఆ ఉబ్బు ఆకారమే నిర్ణయిస్తుంది. ఎక్కువసేపు తెరిస్తే ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు గాలి బాగా అందుతుంది, బలం పెరుగుతుంది. అదే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం ఊపిరి సరిగా ఆడదు. పైన ఇచ్చింది కింద పట్టుకుపోతుంది. ఏ షాఫ్ట్ మంచిదని అడిగితే జవాబు లేదు. ఆ ఇంజన్ రోజులో ఎక్కువసేపు ఏ వేగంలో తిరుగుతుందన్నదే లెక్క.

ఆ కేటలాగులో మూడు రకాలున్నాయి. ఒకటోది రోజూ తిరిగే బండికి, మూడోది రేసుకి, రెండోది మధ్యస్తం. మూడోది వద్దే వద్దన్నాను. ఆయన వినలేదు. తర్వాతి శనివారం మళ్ళీ వచ్చాడు, ఇంకా లావు కాగితాల కట్టతో. ఆ పై శనివారం కూడా.

"అన్నా, మూడోది నువ్వు వద్దంటవ్. ఒకటోది నాకొద్దు. అది ముసలోళ్ళకి. బస్, రెండోది ఫైనల్."

ఒప్పుకున్నాను. పైగా మొండివాణ్ణి ఒక మెట్టు దించానని లోలోపల మురిసిపోయాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకూ ఆ పని చేయాలని దురదగా ఉంది. కుర్రతనంలో మలేషియాలో, జోహార్ అవతల రేసు బండ్లకి ఇంజన్లు కట్టినవాణ్ణి. ఏళ్ళ తరబడి ఆయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు మార్చడం తప్ప వేరే పని తగల్లేదు. బేరంలో మధ్యస్తం దొరికితే అది తెలివని అనుకున్నాను. ఇద్దరు మనుషుల మధ్య రాజీ కుదిరింది, నిజమే. కారుతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

మా మలయ్ మెకానిక్ కేటలాగు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆటో గేరు, అబాంగ్. ఏసీ ఎప్పుడూ ఆన్. దీనికి ఒకటోది చాలు. అది కూడా ఆలోచించి."

"నువ్వు స్కూల్లో ఉన్నప్పటి నుంచి నేను ఇంజన్లు విప్పుతున్నాను," అన్నాను.

"ఓకే లా," అని ఇక్కడి యాసలో అనేసి వెళ్ళిపోయాడు.

తౌకే వచ్చి, "కెన్ ఆర్ కెనాట్?" అన్నాడు. "కెన్," అన్నాను.

షాఫ్ట్ వేశాం. స్టార్ట్ చేయగానే ఇంజన్ నిలకడగా తిరగడం మానేసి గుడగుడమంటూ కుదుపులతో తిరిగింది. ఆ శబ్దానికి ఆయన మొహం వెలిగిపోయింది. "అన్నా, సౌండ్ సునో!" అని నా భుజం మీద కొట్టాడు. ఆదివారం ఎక్స్‌ప్రెస్‌వే మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాడు. ఇంజన్ వేగం చూపే టాకోమీటరు ముల్లు నాలుగు వేలు దాటగానే కారు నిజంగానే ఎగిరింది. నాకూ ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు?

బుధవారానికల్లా ఫోను. "అన్నా, సిగ్నల్ కాడ బంద్ పడుతుందట."

"పడుతుందటా? నువ్వు చూడలేదా?"

"నేను ట్రైన్ల పోతా కద అన్నా రాఫెల్స్ ప్లేస్‌కి. బండి మా ఇంట్ల ఆమె నడుపుతది. ఆమె ఆఫీసు జురాంగ్ ల. పాపని స్కూల్ ల దింపి పోతది."

మూడు శనివారాలు నాతో వాదించిన మనిషి ఆ కారు నడిపేది ఆదివారం ఒక్కరోజు. మిగతా ఆరు రోజులూ నడిపే మనిషిని నేను చూడనైనా లేదు. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. బండి తెప్పించి, నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోకుండా అది తిరిగే వేగం కాస్త పెంచి పంపేశాను.

తర్వాతి వారం ఇంకో ఫిర్యాదు. వేగం పెంచాను కాబట్టి గేరు వేయగానే కారు ముందుకి దూకుతోందట, సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలీ వదలగానే ఎదుటి బండి మీదికి పోతోందట. కొంచెం తగ్గించాను. మళ్ళీ ఆగిపోవడం మొదలైంది. మళ్ళీ పెంచాను. ప్రతిసారీ ఆయన వచ్చి, "ఏం పరేషాన్ లేదన్నా, సెట్ అయితది," అని నన్ను ఓదార్చేవాడు. ఆ ఓదార్పు నాకు ఇంకా చిరాకు తెప్పించేది. నాలుగోసారి కారు ఇస్తూ మామూలుగా ఒక మాటన్నాడు.

"బ్రేక్ ఒక్కోసారి రాయి లెక్క గట్టిగయితదంట, అన్నా."

ప్యాడ్లు చూశాను, ఆయిలు చూశాను, షెడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టాను. చదును రోడ్డు, ఏసీ ఆపేసి ఉంది, యాక్సిలరేటర్ మీద నా కాలు. అంతా బాగానే ఉంది. నాలుగుసార్లు తిరిగొచ్చిన బండి అంటే నాకప్పటికే కంపరంగా ఉంది. ఆ చిరాకులో అనకూడని మాట అన్నాను.

"మీ ఆవిడకి ఈ బండి ఇంకా అలవాటు కాలేదేమో. కొంతమందికి బ్రేకు సరిగా తొక్కడం రాదు."

ఆయన నవ్వి, "నేను చెప్తలే," అన్నాడు. పక్క కారు కింద పడుకుని పనిచేస్తున్న మా మలయ్ మెకానిక్ చేతిలో స్పానర్ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఇంకో పది రోజులకి, పొద్దున తొమ్మిదన్నర ప్రాంతంలో, టోయింగ్ లారీ ఒకటి మా షెడ్డు ముందు ఆగింది. దాని మీద ఆ తెల్ల కారు. ముందు బంపర్ లోపలికి వంగిపోయింది, ఒక లైటు పగిలింది. లారీ ముందు సీట్లోంచి ఆఫీసు బట్టల్లో, మెడలో ఐడీ కార్డుతో ఒక స్త్రీ దిగింది. వెనకే స్కూలు యూనిఫాంలో ఆరేళ్ళ పాప. పాప పెదవి చిట్లింది, టిష్యూ అదిమి పట్టుకుంది. టిష్యూ మీద రక్తం మరక.

"దీంట్ల ఆ షాఫ్ట్ వేసింది మీరేనా, అంకుల్?" అంది ఆమె.

"నేనేనమ్మా."

"నాకు బ్రేక్ తొక్కరాదని చెప్పింది గూడ మీరేనా?"

పాప నా వైపు చూసి, పెదవి మీంచి టిష్యూ తీసి చెప్పింది: "అంకుల్, కార్ డై ఆల్రెడీ. మమ్మీ ప్రెస్, ప్రెస్, ఆల్సో కెనాట్ స్టాప్ లా."

జరిగింది ఇది. వాళ్ళ ఫ్లాట్ పక్కనే అయిదంతస్తుల కార్ పార్క్. కారు పై అంతస్తులో ఉంది. ఆమె ఏసీ వేసుకుని, మెల్లగా, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కుతూ దిగుతోంది. చివరి ర్యాంపు మీద ఇంజన్ ఆగిపోయింది. బ్రేకు తొక్కితే కదల్లేదు. కింద ఒక ముసలావిడ కూరగాయల బండి తోసుకుంటూ అడ్డంగా వస్తోంది. ఈవిడ రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడినంత పని చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగ్ పక్కకి తిప్పింది. కారు స్తంభాన్ని గుద్దుకుని ఆగింది. పాప ముందు సీటుకి కొట్టుకుంది. ముసలావిడకి ఏమీ కాలేదు. బండి వదిలేసి, వచ్చి పాపని ఎత్తుకుందట.

మా మలయ్ మెకానిక్ అప్పటికే బోనెట్ తెరిచాడు. నన్నడక్కుండా వాక్యూమ్ మీటరు తెచ్చి తగిలించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, గేరులో పెట్టి, బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. నేను ఒక్కసారి కూడా అలా చేసి చూడలేదు. మీటరు ముల్లు ఉండాల్సిన చోటికి చాలా కిందికి పడిపోయి, అక్కడ వణకసాగింది.

కార్లో బ్రేకు తొక్కడానికి మన కాలి బలం ఒక్కటే చాలదు. ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే లాగుడు దానికి తోడు వస్తుంది. ఆ మీటరు చూపేది ఆ లాగుడునే. నేను వేసిన షాఫ్టుతో ఆ ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా పీల్చుకోవడమే లేదు. నాలుగు మలుపుల్లో నాలుగుసార్లు తొక్కేసరికి ఉన్న కాస్త లాగుడూ అయిపోయింది. అయిదోసారికి ఆమె కాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. రేసు బండ్లు కట్టినవాడికి ఇది తెలియదా? తెలుసు. తెలిసీ, రాయి లెక్క గట్టిగయితదంట అన్న మాట చెవిన పడీ, ఆమె కాలి మీద నెట్టేశాను.

"నువ్వు మొదటిరోజే చెప్పావు. ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది," అన్నాను మా మెకానిక్‌తో, నా తప్పులో అతనికి వాటా పంచుతూ.

అతను మీటరు విప్పుతూ, "చెప్పాను, అబాంగ్. నువ్వు నా స్కూలు సంగతి చెప్పావు," అన్నాడు.

అప్పుడామె బ్యాగులోంచి ఒక నోటు పుస్తకం తీసింది. ఆమె కూడా కంప్యూటర్ కంపెనీలోనే పనిచేస్తుంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. వారం రోజులుగా ఆ కారుని కూడా అలాగే పరీక్షిస్తోంది. ఎక్కడ ఆగిపోయింది, ఏసీ ఉందా లేదా, ముల్లు ఎంత మీద ఉంది, బ్రేకు ఎన్నోసారికి గట్టిపడింది, అన్నీ తేదీలవారీగా గీతలు గీసి రాసింది. నడుపుతూ ఎలా రాశావమ్మా అని అడిగాను.

"పాప నంబర్ చదువుతది, నేను యాదుంచుకొని ఆఫీస్ కార్ పార్క్ ల రాసుకుంట. జర చూడున్రి, అంకుల్. సోమవారం నుంచి శనివారం దాంక ముల్లు మూడు వేలు దాటింది రెండేసార్లు. అయిదు వేలు ఒక్క ఆదివారం. అది ఆయన నడిపిన రోజు. మరి మీరు నాలుగు వేల మీద పనిచేసే సామాను ఎవరి కోసం వేసిన్రు?"

ఇన్నేళ్ళ నా పనిలో క్యామ్‌షాఫ్ట్ గురించి ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. అడిగింది ఆ షాఫ్ట్ ఎలా ఉంటుందో కూడా చూడని మనిషి.

తౌకే అంతా విని మొదటిసారి వేరే మాటన్నాడు. "నువ్వు వేశావు, నువ్వే తీయి. పాత షాఫ్ట్ వేసి ముందు ఆమెకి బ్రేకులున్న కారు ఇవ్వు." బంపర్ సంగతి, లైటు సంగతి ఆయనే నెత్తిన వేసుకున్నాడు, నన్నొక్క మాటా అనకుండా. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి భర్త ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. పాప పెదవి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. భార్యకి క్షమాపణ చెప్పాడు, పాపకి చెప్పాడు, నాకూ ఎందుకో చెప్పాడు. నేను కొంచెం మెత్తబడ్డాను. ఆ తర్వాత పది నిమిషాలు కేటలాగు తిరగేసి, "అన్నా, ప్రాబ్లం రెండో నంబర్ లనే ఉన్నదేమో. మూడోది ట్రై చేద్దామా?" అన్నాడు.

నేను షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాను. నేను బయట ఉన్నంతసేపూ లోపల ఆమె అతనితో ఉర్దూలో మాట్లాడింది. నాకు అర్థం కాలేదు గాని, నేను తిరిగి వచ్చేసరికి కేటలాగు ఆమె బ్యాగులో ఉంది.

పాత షాఫ్ట్ నూనె కాగితంలో చుట్టి దాచి ఉంచాం కాబట్టి మర్నాటికే బిగించాను. కారు మళ్ళీ మామూలైంది. పని అక్కడితో అయిపోయిందని నా ఉద్దేశం. ఆమె ఒప్పుకోలేదు.

"ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేటప్పుడు ఈ బండికి మొదట్నుంచీ దమ్ము లేదు, అంకుల్. ఆయన అడిగింది తప్పు గాదు. అడిగిన నంబర్ తప్పు. మూడు వేల లోపల బలం పెరిగేది ఏమన్న ఉంటే చెప్పున్రి. పైన ఏమయితదో నాకు పనిలేదు."

ఈసారి కేటలాగు జోలికి పోలేదు. రెండు రోజులు పొద్దున్నే యీషున్ నుంచి బిషాన్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. వెనక పాప. స్కూలు దగ్గర ఆపడం, బ్రాడెల్ రోడ్డు, ఆ తర్వాత లోర్నీ రోడ్డు మీద చీమల బారులా కార్లు. అడుగు కదలడం, ఆగడం. ఆ ఇరుకులో ఆమె బ్రేకు ఎంత మెత్తగా తొక్కుతుందంటే, నా ఒళ్ళో పెట్టుకున్న కాఫీ కప్పు తొణకలేదు. ముందు బండికి ఖాళీ వదలడం, లారీ డ్రైవరు కళ్ళలోకి చూసి దారి తీసుకోవడం, అన్నీ గమనించాను. నాకంటే బాగా నడుపుతుంది. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే వంపు దగ్గర, ఏసీ వేసి ఉండగా, ఆమె ఎంత తొక్కినా కారు నీరసంగా కదిలింది. వెనక వ్యాను హారన్ కొట్టింది. ఆమె చెప్పిన లోటు నిజమే.

రెండో రోజు లోర్నీ రోడ్డు మీద బండి నిలిచిపోయినప్పుడు నేనే నోరు విప్పాను. "అమ్మా, ఆ రోజు నేనన్న మాట తప్పు. నీకు నడపడం రాదన్నాను. సారీ."

"నాకెందుకు సారీ? ఆయనకి చెప్పున్రి," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీరన్న మాట పట్టుకొని వారం రోజులు నాకు బ్రేక్ ఎట్ల తొక్కాల్నో క్లాస్ తీస్కున్నడు."

ఆ సాయంత్రం ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. తప్పు నాది, ఆవిడ నీకంటే, నాకంటే బాగా నడుపుతుంది అన్నాను. "నాకు తెల్సన్నా," అన్నాడు. తెలిస్తే క్లాసెందుకు తీసుకున్నావని అడగబోయి ఊరుకున్నాను. నా నోటి మాట పట్టుకునే కదా తీసుకున్నాడు.

ఒకటో రకం షాఫ్ట్ తెప్పించాను. కేటలాగులో దాని పక్కన బొమ్మ కూడా వేయరు, అంత సాదాసీదా సరుకు. వాల్వు తెరిచి ఉండే సమయం పాతదాని కంటే కొద్దిగానే ఎక్కువ. బిగించడం నేను చేయలేదు. మా మలయ్ మెకానిక్‌ని చేయమని, పక్కన నిలబడి పనిముట్లు అందించాను. మీటరు తగిలించి, ఏసీ వేసి, గేరులో పెట్టి, బ్రేకు తొక్కి చూశాం. ముల్లు పైన నిలకడగా నిలబడింది. చాలాసేపు చూశాను. కదల్లేదు.

మాకు చాలింది గాని ఆమెకి చాలలేదు. శనివారం కారు తీసుకోవడానికి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. భర్తని వెనక సీట్లో కూర్చోమంది. ఇంజన్ మీద వీలైనంత భారం పడేలా ఏసీ పూర్తిగా పెట్టింది, హెడ్‌లైట్లు వేసింది, వైపర్లు వేసింది, వెనక అద్దం హీటరు కూడా వేసింది. సింగపూర్లో ఆ మీట నొక్కిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అన్నీ వేసి అదే అయిదంతస్తుల కార్ పార్క్ పైకి ఎక్కి, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. చివరి ర్యాంపు మీద కావాలనే ఇంజన్ ఆపేసి బ్రేకు తొక్కింది. కారు ఆగింది. ఆగినచోటే స్టీరింగ్ మీద తల ఆన్చింది. బంపర్ రంగు అంటిన స్తంభం మా పక్కనే ఉంది.

ఆమె తల ఎత్తి, "పాస్," అంది.

అక్కడ్నుంచి ఎక్స్‌ప్రెస్‌వే దాకా వెళ్ళాం. వంపు ఎక్కేటప్పుడు కారు ఏ ఆర్భాటం లేకుండా వేగం అందుకుని లోపలి లేనులో కలిసిపోయింది. ముల్లు మూడు వేలు దాటలేదు. వెనక నుంచి ఆయన చెవి నిక్కబొడిచి విని, దిగులుగా అడిగాడు: "సౌండ్ పోయింది కద, అన్నా?"

ఆమె రేడియో పెట్టింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం షెడ్డులో ఫోను మోగింది. తౌకే ఎత్తి నా వైపు చాపాడు. "నీ తెల్ల కారు."

చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా అందుకున్నాను. అటు ఆమె గొంతు. ఏమైందమ్మా, మళ్ళీ ఆగిపోయిందా, బ్రేకు గట్టిపడిందా, పాప బాగుందా అని ఊపిరి తీసుకోకుండా అడిగాను.

"ఏం కాలేదు, అంకుల్. బండి మంచిగుంది. అది చెప్దామనే చేసిన."

ముప్పై ఏళ్ళకి పైగా ఈ పని చేశాను. కారు బాగుందని చెప్పడానికి ఫోన్ చేసిన మనిషి ఆమె తప్ప ఇంకొకరు లేరు. మంచిదమ్మా, మంచిదమ్మా అని రెండుసార్లన్నాను. మా మలయ్ మెకానిక్ పని ఆపి నా మొహంలోకి చూస్తున్నాడు. బాగానే ఉందని చెయ్యి ఊపాను. అతను నవ్వి మళ్ళీ ఇంజన్ మీదికి వంగాడు.

ఇంతలో ఫోన్లో చెయ్యి మారిన చప్పుడు, ఆ వెంటనే ఆయన గొంతు.

"అన్నా, నేను. షాఫ్ట్ సంగతి ఇడిసిపెట్టు. సైలెన్సర్ మారిస్తే సౌండ్ వస్తదని ఒక కాగితం దొరికింది. శనివారం తెస్తున్న..."

ఫోను పెట్టేశాను.